అవతలి మనిషి టైప్ చేస్తున్నాడు

మూడు కావడానికి ఇంకా తొమ్మిది నిమిషాలుంది, అంటే షార్జాలో ఒకటిన్నర కావడానికి తొమ్మిది నిమిషాలు, జుమ్మా నమాజు అయిపోయి ఉంటుంది, జనం మసీదు మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు, ఇంటర్నెట్ దుకాణం నడిపే మలయాళీ ఇంకా షట్టర్ ఎత్తి ఉండడు, శుక్రవారం నమాజు ముగిసేదాకా అక్కడ దుకాణాలు తెరవరు, కాబట్టి దేవిదాస్ ఇంకా రాలేదంటే రానట్టు కాదు, అనుకున్నాడు భీమ్‌రావు, అనుకుని మళ్లీ కంప్యూటర్ తెర మీద కుడివైపు కింది మూలకు చూశాడు. అక్కడ అగ్గిపెట్టెంత ఆకుపచ్చ డబ్బా ఉంది. నిన్న సాయంత్రం దాకా అది లేదు. గంగాకిషన్ ట్రేడర్స్ వెబ్‌సైట్ అంటే నిన్నటిదాకా పసుపు కొమ్ముల ఫొటో ఒకటి, గుండ్రటి దుంపల, అంటే మండల, ఫొటో ఒకటి, ఆ రోజు ధర, సేఠ్ ఫోన్ నంబరు, అంతే. నిజామాబాద్ నుంచి హరీశ్ వచ్చి రెండు గంటలు కూర్చుని ఆ డబ్బాను తగిలించాడు. ఎక్కడివాళ్లైనా ఆ పేజీ తెరిచి డబ్బా మీద నొక్కితే ఇక్కడ ఆర్మూర్‌లో గోదాము పక్క గదిలో గంట మోగుతుంది, వాళ్లు రాసింది ఇక్కడ, ఇక్కడ రాసింది వాళ్లకు, అప్పటికప్పుడు కనిపిస్తుంది. లైవ్ చాట్ అంటారట. "ఎదురెదురుంగ కూసొని మాట్లాడినట్టే అన్నా" అన్నాడు హరీశ్, వైర్లు చుట్టి సంచిలో పెట్టుకుంటూ. ఎదురెదురుగా కూర్చున్నవాళ్లు మాట్లాడుకుంటారని అతనికి అంత నమ్మకం ఎక్కడిదో.

సేఠ్‌కు మాత్రం డబ్బా మీద నమ్మకం లేదు. ఈరోడ్ వ్యాపారి ఎవరో పెట్టించాడని విని పెట్టించాడు. పొద్దున తొమ్మిది నుంచి భీమ్‌రావు కుర్చీ వెనక నిలబడి చూశాడు. గంట మోగింది, దోహా అని పేరు పడింది, భీమ్‌రావు రెండు వేళ్లతో వెల్‌కమ్ అని కొట్టేలోపు అవతల మూసేశారు. మళ్లీ మోగింది, మస్కట్, మూసేశారు. మళ్లీ దోహా. మధ్యాహ్నానికి ఆరు సార్లు. "గిదేం తమాషనో" అన్నాడు సేఠ్, "మోగుతది, బందైతది. లోపల ఏమన్న లూజున్నదా? నువ్వు పదకొండేండ్లు దుబాయ్‌ల ఉన్నోనివి, ఇంగ్లీష్ కొడ్తవని నిన్ను కుర్సిల కూసోబెడితి. నేను కాంట కాడికి పోయి నాలుగున్నరకొస్త. గప్పటిదాంక ఒక్కడన్న నోరిప్పితె సరే, లేకుంటె హరీశ్‌కు ఫోన్ జేసి పీకేపిస్త." షార్జా అయినా మస్కట్ అయినా ఇక్కడ అందరికీ దుబాయే. భీమ్‌రావు తల ఊపాడు. లోపల లూజు ఏమీ లేదని అతనికి తెలుసు. అవి మిస్డ్ కాల్స్. మోర్తాడ్ నుంచి అక్కడికి పనికి పోయినవాళ్లో, ఆ చుట్టుపక్కల ఇంకెవరో, సెలవు రోజున ఊళ్లో పసుపు ఎంత పలుకుతోందో చూడడానికి పేజీ తెరుస్తారు, కొత్తగా డబ్బా కనబడితే నొక్కుతారు, అవతల నిజంగా ఒక మనిషి ఉన్నాడని తెలియగానే మూసేస్తారు. ఒక్క రింగు ఇచ్చి కట్ చేస్తే 'బాగున్నా' అని ఇంట్లో వాళ్లు అర్థం చేసుకునే మనుషులు. రెండు రింగులైతే 'జీతం పడ్డది'. మూడో రింగుకు వాళ్ల దగ్గర అర్థం లేదు. తను కూడా ప్రతి శుక్రవారం పెర్కిట్‌లో అక్క లింగవ్వకు అలా ఒక్క రింగు ఇచ్చి ఫోను జేబులో వేసుకునేవాడు, వారం పని తీరిపోయినట్టు ఉండేది. ఇదంతా సేఠ్‌కు చెబుదామని నోరు తెరిచాడు. ఈ మధ్య నోరు తెరిచాక మాటకు ముందు ఒక ఖాళీ వస్తోంది, ఆ ఖాళీ పూర్తయ్యేలోపు ఎదుటి మనిషి వెళ్లిపోతాడు. సేఠ్ వెళ్లిపోయాడు.

గదిలో ఫ్యాను తిరుగుతోంది, గోదాములోంచి పసుపు దుమ్ము వస్తోంది, కీబోర్డు మీద స్పేస్ బార్ ఒక్కటే బాగా పచ్చబడింది, బొటనవేలు తగిలే చోట మాత్రం నల్లగా మిగిలింది. గోడ అవతల హమాలీలు బస్తాలు దించుతున్నారు. ఎవరో కొమ్ము విరిచారు, టక్కుమని వినిపించింది, ఎండిన కొమ్ము. తడి ఉన్న కొమ్ము అలా విరగదు, వంగి, నలిగి, నారలు నారలుగా తెగుతుంది. ఈ సంగతి దేవిదాస్ ఎన్నిసార్లు చెప్పాడు, తొమ్మిదేళ్లలో వెయ్యి సార్లు, ఉల్లిగడ్డ తరుగుతూ. 'కొమ్ము ఇరిస్తె సప్పుడు రావాలె భీమన్నా. సప్పుడు రాకుంటె లోపల నీళ్లున్నట్టు.' ఇంకో మాట ఎవరితోనూ మాట్లాడని మనిషి. క్యాంపులో ఎనిమిది మంచాల గది, పైన దేవిదాస్, కింద భీమ్‌రావు. మోర్తాడ్‌లో తల్లి చనిపోయిన కబురు వచ్చినప్పుడు దేవిదాస్ పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంది, సెలవుకు కావలసిన రెండేళ్ల గడువు నిండడానికి ఇంకా నాలుగు నెలలుంది, వెళ్లలేకపోయాడు. ఆ రాత్రి ఏడవలేదు. మర్నాడు బస్సులో మాట్లాడలేదు, సైటులో మాట్లాడలేదు, ఫోర్‌మన్ తిడితే తల దించుకుని నిలబడ్డాడు, వారానికి గదిలో వాళ్లంతా అతనితో మాట్లాడడం మానేశారు, కోపంతో కాదు, అలవాటు తప్పి. సాయంత్రం వంట దగ్గర మాత్రం, అదీ భీమ్‌రావు ఒక్కడే ఉన్నప్పుడు, స్టవ్ చప్పుడు బాగా ఉన్నప్పుడు, ఆ చప్పుడు కింద దాచినట్టుగా చిన్న గొంతుతో పసుపు గురించి చెప్పేవాడు. తవ్వడం, ఉడకబెట్టడం, కడాయి మీద మూత తీసినప్పుడు వచ్చే ఆవిరి, తల్లి ఆ ఆవిరిలో కనబడకుండా పోయి మళ్లీ కనబడడం. మొదటి ఏడాది భీమ్‌రావు విన్నాడు. తర్వాత విన్నట్టు ఉన్నాడు. ఆ తర్వాత, అన్నం ఉడకడానికి ఇంకా ఎన్ని నిమిషాలు పడుతుందో చూసుకునేవాడు.

మూడు దాటింది. ఆకుపచ్చ డబ్బా కదల్లేదు.

ఫోనులో చెప్పి ఉండొచ్చు. చెప్పడానికే రెండు సార్లు చేశాడు, ఇంటికి వచ్చిన నెలకు ఒకసారి, ఆరో నెలలో ఒకసారి, నర్సింలు నంబరుకు. నర్సింలు అదే గదిలో కిటికీ పక్క మంచం వాడు, మాటకారి. నర్సింలు తీసుకెళ్లి దేవిదాస్ చేతిలో ఫోను పెట్టాడు. హలో అన్నాడు దేవిదాస్. తర్వాత ఊపిరి. ఊపిరి వెనక గదిలో టీవీ. భీమ్‌రావు కూడా హలో అన్నాడు, బాగున్నవా అన్నాడు, తిన్నవా అన్నాడు, చెప్పదలచుకున్నది గొంతు దాకా వచ్చి అక్కడ ఆ ఊపిరికి తగిలి వెనక్కి పోయింది. రెండోసారి కూడా అంతే. రాస్తే చెప్పగలను అనుకున్నాడు. ఉత్తరం మొదలుపెట్టి చించేశాడు, ఉత్తరమైతే దేవిదాస్ దాన్ని ఎప్పుడు తెరిచాడో, తెరిచాడో లేదో తెలియదు, ఆ తెలియకపోవడంలో నెలలు గడపాలి. అలాంటప్పుడు సేఠ్ ఈ డబ్బా మాట ఎత్తాడు. అవతలి మనిషి ఉన్నాడని తెలుస్తుంది, ఊపిరి వినబడదు. భీమ్‌రావుకు అది తన కోసమే ఎవరో ఆలోచించి చేసిన వస్తువులా అనిపించింది. ఆదివారం నర్సింలుకు ఫోను చేసి, శుక్రవారం నమాజు కాగానే దేవిదాస్‌ను ఇంటర్నెట్ దుకాణానికి తీసుకొచ్చి ఈ పేజీ తెరిచి పెట్టమన్నాడు. "గాయినె వస్తడో రాడో" అన్నాడు నర్సింలు, "నువ్వు పోయినంక వంటగదికి కూడ వస్తలేడు. మెస్సుల తింటుండు."

వంటగదికి రావడం లేదు. ఆ మాట ఐదు రోజులుగా కడుపులో ఉంది. ఏం చేశాడు తను, నిజంగా ఏం చేశాడు, ఎవరినీ కొట్టలేదు, ఎవరి సొమ్మూ తినలేదు. వీసా రద్దు కాగితం చేతికి వచ్చిన రోజు మంగళవారం. విమానం ఇరవై రెండు రోజుల తర్వాత. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని ఇరవై రెండు సాయంత్రాలు దేవిదాస్ పక్కన నిలబడి అన్నం వండాడు. చెప్పలేదు. పెద్ద సూట్‌కేసు కొనడానికి రోలా బజారుకు దేవిదాస్‌నే వెంట తీసుకుపోయాడు. ఎవరికి అని అడిగితే నర్సింలు వాళ్ల బావకు అన్నాడు. దేవిదాస్ దాని చక్రాలు తిప్పి చూశాడు, జిప్పు మూడుసార్లు వేసి తీశాడు, గట్టిదే అన్నాడు, ఖాళీ సూట్‌కేసును బస్సులో తన ఒళ్లో పెట్టుకుని వచ్చాడు. వెళ్లే రోజు తెల్లవారుజామున అందరితో పాటు దేవిదాస్ పని బస్సు ఎక్కాడు. భీమ్‌రావు తనకు ఒంట్లో బాగాలేదన్నాడు. దేవిదాస్ బస్సు కిటికీలోంచి, మాత్ర వేసుకో అన్నట్టు చేతితో చూపించాడు. బస్సు మలుపు తిరిగాక భీమ్‌రావు పరుగు లాంటి నడకతో గదికి వచ్చి సూట్‌కేసు దించాడు. ఆ నడకలో ఉన్నది దుఃఖం కాదు. దాన్ని ఏమనాలో అతనికి తెలుసు. సెలవులిచ్చిన రోజు బడి గేటు దాటిన పిల్లవాడికి ఉండేది అది.

పెర్కిట్‌కు వచ్చాక మొదటి వారం అందరూ మాట్లాడారు. మళ్ల ఎప్పుడు పోతవ్ అని అడిగారు. పోనని చెప్పాక మాటలు అయిపోయాయి. పెళ్లి వయసులో దుబాయ్‌లో ఉన్నాడు, తిరిగొచ్చేసరికి ఆ ప్రస్తావన కూడా ఎవరూ తేని వయసు వచ్చింది. అక్క లింగవ్వ గడపలో కూర్చుని బీడీలు చుడుతుంది, ఒళ్లో చాట, చేతిలో కత్తెర, ఆకు కత్తిరించే చప్పుడు ఆగదు. ఒక సాయంత్రం ఎందుకో ఆమెకు క్యాంపు వంటగది గురించి చెప్పడం మొదలుపెట్టాడు, స్టవ్‌లు ఎన్ని, ఎవరి వంతు ఎప్పుడు, నీళ్లు ఎలా ఉప్పగా ఉండేవో. అక్క ఊ కొట్టింది. కత్తెర ఆడుతోంది. ఊ. కట్టకు ఇంకా ఎన్ని బీడీలు కావాలో ఆమె కళ్లు చాటలో చూసుకుంటున్నాయి. అప్పుడు అతని మాట నడుమ ఆగిపోయింది. ఆ చూపు అతనికి బాగా తెలుసు. అన్నం గిన్నె మీద నుంచి తన కళ్లే అలా చూసేవి. అక్క తల ఎత్తి, "చెప్పురా, ఆగినవేంది, ఇంటున్న గద" అంది. ఏం లేదక్కా అన్నాడు. ఆ రోజు నుంచి మాటకు ముందు ఆ ఖాళీ రావడం మొదలైంది.

గంట మోగింది.

మూడు పన్నెండు. తెర మీద షార్జా అని పడింది. భీమ్‌రావు వేళ్లు కీబోర్డు మీద పెట్టి తీసి మళ్లీ పెట్టాడు. మూసేయకు, మూసేయకు. ఇందులో తెలుగు అక్షరాలు రావు, అందరూ రాసుకున్నట్టే ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టాడు, దేవీ, నేను భీమ్‌రావును, అని. డబ్బా కింద సన్నని బూడిద రంగు అక్షరాలు వెలిగాయి, అవతలి మనిషి టైప్ చేస్తున్నాడు అని. వెలిగి, ఆరి, వెలిగాయి.

"నమస్తె భీమ్‌రావు సేఠ్. నేను నర్సింలును. గాయినె నా పక్కకే కూసున్నడు. నువ్వు రాయి, నేను సదివి జెప్త."

భీమ్‌రావు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. తర్వాత చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. దేవిదాస్‌కు చదవడం రాదు. మూడో తరగతి దాకా బడికి పోయాడు, తెలుగు అయితే వేలు పెట్టి కూడబలుక్కుంటాడు, ఇంగ్లీషు అక్షరం ఒక్కటి ఎరగడు. జీతం చిట్టీ చదివింది ఎవరు, నోటీసు బోర్డు చదివింది ఎవరు, మందు సీసా మీద రోజుకు ఎన్నిసార్లో చదివి చెప్పింది ఎవరు, తొమ్మిదేళ్లు తనే కదా. ఆ సంగతే మర్చిపోయాడు. వారం రోజులు ఏం రాయాలో ఆలోచించాడు, ఎవరు చదువుతారో ఆలోచించలేదు. ఎందుకంటే అతని ఊహలో చదివే దేవిదాస్ దేవిదాసే కాడు, తను చెప్పదలచుకున్నది చెప్పించుకోవడానికి తనే కుర్చీలో కూర్చోబెట్టుకున్న ఒక బొమ్మ. ఇలా మర్చిపోవడం కొత్త కూడా కాదేమో, ఆ వంటగదిలోనూ పక్కన నిలబడ్డవాడు ఎవరో తను ఎప్పుడో మర్చిపోయాడేమో.

"ఏమన్నా, సప్పుడు జేస్తలేవు. ఏసీల కూసుండి జీతం తీసుకుంటున్నవంట, మమ్ముల మర్సినవా" అని రాశాడు నర్సింలు.

ఫ్యానే ఉంది, ఏసీ లేదు అని రాశాడు భీమ్‌రావు. దేవిదాస్ బాగున్నాడా అని రాశాడు.

"బాగనే ఉన్న అంటుండు. పసుపు ధర ఎంత అని అడుగుతుండు."

కొమ్ము క్వింటాలు నాలుగు వేలకు జర తక్కువ ఉంది, మండ ఇంకా తక్కువ, అని రాశాడు. మోర్తాడ్ మాల్ వస్తుందా అని అడిగాడు దేవిదాస్. వస్తోంది అని రాశాడు. ఎండిందా అని అడిగాడు. ఎండింది, పొద్దటి నుంచి విరిచిన చప్పుడు వింటున్నా అని రాశాడు భీమ్‌రావు, అది రాస్తున్నప్పుడు కళ్లలో ఏదో కదిలింది. ఇలా ధరలు మాట్లాడుకుని లేచిపోవచ్చు. సేఠ్‌కు చూపించడానికి ఇది చాలు, డబ్బా ఉంటుంది. చెప్పాలనుకున్నది చెబితే నర్సింలు గొంతుతో దేవిదాస్‌కు వినబడుతుంది, సాయంత్రానికి ఎనిమిది మంచాలకూ తెలుస్తుంది, ఎల్లుండికి ఫోన్ల మీద పెర్కిట్‌కు వస్తుంది. చెప్పకపోతే దేవిదాస్ లేచి గదికి పోతాడు, మెస్సులో తింటాడు, పైమంచం ఎక్కి గోడ వైపు తిరుగుతాడు. మూడు ముప్ఫై అయింది. గోదాములో ఎవరో దగ్గుతున్నారు.

నర్సింలూ, నువ్వు జర బయటికి పోయి చాయ్ తాగి రా, అని కొట్టాడు. దేవిదాస్‌ను నీ కుర్చీలో కూర్చోబెట్టు.

"గాయినకు సదువ రాదు గదనే."

ఎరుకే. ఏదో ఒక బటన్ నొక్కి ఎంటర్ కొట్టమను, ఎంటర్ ఏదో చూపించి పో. ఉన్నడని నాకు తెలుస్తది. గంతే.

చాలాసేపు ఏమీ రాలేదు. అక్కడ కుర్చీలు జరుపుకుంటూ ఉంటారు, మలయాళీ ఏంటని అడుగుతూ ఉంటాడు. బూడిద అక్షరాలు వెలిగాయి, అవతలి మనిషి టైప్ చేస్తున్నాడు. ఒకే ఒక ఇంగ్లీషు అక్షరం, 'కే', వచ్చింది. తర్వాత చాలా ఎడం. తర్వాత నాలుగు కేలు, ఒక చుక్క. సిమెంటు పనికి మొద్దుబారిన వేలు, గట్టిగా నొక్కితే ఒకటి నాలుగవుతుంది. భీమ్‌రావు వంగి ఆ అక్షరాలను చూశాడు. ఊపిరి వినబడని చోటుకు వచ్చాను అనుకుని మళ్లీ దాని ముందరికే వచ్చాడు, కానీ ఈసారి మాట వెనక్కి పోలేదు. వేళ్లు కదలడం మొదలైంది.

అక్షరాలు దిద్దుకోకుండా, వాక్యం ఎక్కడ ఆగాలో చూసుకోకుండా రాశాడు. దేవీ, ఆ సూట్‌కేసు నర్సింలు బావకు కాదు, నాకే. నువ్వు దాన్ని ఒళ్లో పెట్టుకుని తెచ్చావు. నా జేబులో కాగితం ఇరవై రెండు రోజులు ఉంది. చెబితే నువ్వు ఏడుస్తావని చెప్పలేదని ఇక్కడ అక్కతో అన్నాను, అది అబద్ధం, నువ్వు ఏడవవని నాకు తెలుసు, నువ్వేమీ అనవు, అట్లనా అంటావు, ఉల్లిగడ్డ తరుగుతావు, అది చూడలేకపోయాను. ఇంకో ఎనిమిది కేలు వచ్చాయి. అది కూడా పూర్తి నిజం కాదు, అని రాశాడు. నాకు నీతో విసుగొచ్చింది. నువ్వు నా ఒక్కడితోనే మాట్లాడతావని గదిలో అందరూ అంటే మొదట్లో గర్వంగా ఉండేది, తర్వాత మెడ మీద బస్తా అయింది. నువ్వు మీ అమ్మ గురించి చెబుతుంటే నేను అన్నం కోసం చూసేవాణ్ణి. నువ్వు ఎక్కిన బస్సు పోయాక నాకు సంతోషమైంది, దేవీ. ఆ సంతోషం విమానం దిగేదాకా ఉంది. ఇప్పుడు ఇక్కడ నా మాట వినేవాళ్లు లేరు, నేను చెప్పేది పసుపు గురించి కూడా కాదు, స్టవ్‌ల గురించి. ఒక ఎల్, ఒక ఎల్, మళ్లీ కేలు. ఎవరో తలుపు అవతల నిలబడి గోడ మీద వేళ్లతో కొడుతున్నట్టు, ఉన్నా, ఉన్నా అని. అతను రాసిన ప్రతి వరుస కిందా ఆ అర్థం లేని అక్షరాలు వచ్చి చేరుతున్నాయి, ఇంతకాలంలో ఎవరూ అతని మాటకు ఇంత శ్రద్ధగా ఊ కొట్టలేదు.

చేయి ఆగింది. మూడు యాభై. గుండె తేలికగా ఉంది, ఒళ్లంతా తేలికగా ఉంది, ఈ తేలికదనం ఎక్కడో ఎరిగినదే. ఎక్కడ. బస్సు మలుపు తిరిగాక గదికి నడిచిన నడకలో. భీమ్‌రావు కుర్చీలో వెనక్కి జరిగాడు. చదవలేని మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి అన్నీ చెప్పుకున్నాడు. చదివే మనిషిని బయటికి పంపి మరీ చెప్పుకున్నాడు. అప్పుడు దేవిదాస్‌ను బస్సు ఎక్కించి వెళ్లిపోయాడు, ఇప్పుడు కుర్చీ ఎక్కించి వెళ్లిపోతున్నాడు. దేవిదాస్ అక్కడ కేలు నొక్కుతూనే ఉన్నాడు, భీమన్న ఏదో చెబుతున్నాడని, ఏదో మంచి మాటే అయి ఉంటుందని.

బూడిద అక్షరాలు వెలిగాయి. ఈసారి వేగంగా.

"నేనన్నా, నర్సింలును. చాయ్ తాగొచ్చిన." తర్వాత, "గిదంత సదివిన." ఆ వెంటనే, "ఏం రాసిండు భీమన్న అని అడుగుతుండు. ఏం జెప్పాలె? పసుపు ముచ్చట అని జెప్పాల్నా?"

నర్సింలు గదిలో అందరినీ ఆటపట్టించే మనిషి, ఫోర్‌మన్ నడకను నడిచి చూపించే మనిషి, ఆ ప్రశ్న చివర ఒక్క వెక్కిరింత లేదు. తప్పుకోవడానికి తలుపు తెరిచి పట్టుకున్నట్టే ఉంది. పసుపు ముచ్చటే అని కొడితే చాలు. భీమ్‌రావు స్పేస్ బార్ మీద బొటనవేలు ఆనించాడు. బయట కాంటా మీద బస్తా పడింది. పసుపు ముచ్చట అని విని దేవిదాస్ తల ఊపుతాడు, నమ్ముతాడు, సూట్‌కేసు గట్టిదని నమ్మినట్టు.

కాదు, అని కొట్టాడు. ఉన్నది ఉన్నట్టు సదువు. ఒక్క మాట ఇడువకు.

"ఎందుకు జెప్పిన అని మల్ల అనుకుంటవ్ అన్నా."

సదువు.

ఆ తర్వాత డబ్బాలో ఏమీ కదల్లేదు. భీమ్‌రావు పైకి జరిపి తను రాసినదాన్ని మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు, పెదవులు కదిలిస్తూ, నర్సింలు చదివే వేగం తనకు తెలుసు, పండగ రోజు గదిలో పేపరు చదివినప్పుడు విన్నాడు, వాక్యం చివర గొంతు ఎత్తుతాడు. ఇప్పుడు సూట్‌కేసు దగ్గర ఉంటారు. ఇప్పుడు ఇరవై రెండు రోజుల దగ్గర. దేవిదాస్ చేతులు ఎక్కడ పెట్టుకుని ఉంటాడు, మోకాళ్ల మధ్య, వినేటప్పుడు అలాగే పెట్టుకుంటాడు. ఇప్పుడు ఉల్లిగడ్డ. ఇప్పుడు విసుగు, ఆ మాట నర్సింలు గట్టిగా అన్నాడో మెల్లగా అన్నాడో, పక్క కంప్యూటర్ల దగ్గర తెలుగువాళ్లు ఎవరైనా ఉన్నారో. ఇప్పుడు వాళ్ల అమ్మ, అన్నం. అక్కడ భీమ్‌రావు కళ్లు తెర మీద నుంచి తప్పుకున్నాయి, తన కళ్లు తప్పుకుంటే అక్కడ చదవడం ఆగుతుందన్నట్టు. మళ్లీ చూశాడు. సంతోషమైంది దేవీ. అయిపోయింది. ఇక్కడికి అయిపోయి ఉంటుంది.

నాలుగు పది.

"సదివిన" అని వచ్చింది.

ఏమన్నడు?

"ఏమనలె."

భీమ్‌రావు తల ఊపాడు, ఎదురుగా ఎవరో ఉన్నట్టు. ఏమీ అనడని రాసింది తనే కదా. ఫ్యాను తిరుగుతోంది. ఒక నిమిషం. ఇంకో నిమిషం. నీళ్ల సీసా చేతికి అందేంత దూరంలో ఉంది, అందుకోలేదు.

"లేసిండు" అని వచ్చింది. "పోతుండు." తర్వాత, "దర్వాజ కాడ నిలబడ్డడు." తర్వాత బూడిద అక్షరాలు వెలిగి, వెలిగే ఉండిపోయి, అంతసేపు వెలిగిన తర్వాత ఎంత రాస్తాడో అనుకుంటే, వచ్చింది ఇంతే. "వచ్చి నా బుజం మీద చెయ్యి ఏసిండు అన్నా. వచ్చే శుక్రారం గూడ భీమన్న గీ టైంకు ఉంటడా అడుగు అంటుండు. నన్ను రావద్దంటుండు. ఒక్కడే వస్తడంట."

భీమ్‌రావు ఆ వరుసలను మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"నీకు సదువ రాదు గదా, ఒక్కనివే వచ్చి ఏం జేస్తవ్ అన్న" అని రాశాడు నర్సింలు. "నీకెందుకు అన్నడు. మస్తు కోపంల ఉన్నడు అన్నా. ఇన్నేండ్లల్ల నన్నొక మాట అనుడు గిదే మొదలు."

ఉంట, అని కొట్టాడు భీమ్‌రావు. ఉంట అని చెప్పు. అవతల మూసేశారు. షార్జా అన్న పేరు బూడిద రంగులోకి మారి కిందికి జరిగింది. కోపంతో ఉన్నాడు. దేవిదాస్ కోపంతో ఉన్నాడు, శుక్రవారం వచ్చి ఆ కోపాన్ని మొద్దువేళ్లతో గట్టిగా నొక్కుతాడు, తను ఇక్కడ కూర్చుని దాన్ని చూడాలి, ఒక్క అక్షరం తప్పించుకోకుండా, అన్నం వైపు చూడకుండా. భయంగా ఉంది. భయంలో ఒకరు తన కోసం వస్తారన్న వెచ్చదనం ఉంది, దాన్ని నమ్మాలనిపించలేదు, పోగొట్టుకోవాలనీ అనిపించలేదు.

సేఠ్ నాలుగున్నరకు ముందే వచ్చాడు, భుజాల మీద, కనుబొమల మీద పసుపు. "ఎవడన్న నోరిప్పిండా?" అన్నాడు చెంబు అందుకుంటూ.

భీమ్‌రావు నోరు తెరిచాడు. ఖాళీ వచ్చింది. సేఠ్ నీళ్లు తాగుతున్నాడు కాబట్టి వెళ్లలేదు.

"ఇప్పిండు సేఠ్. షార్జా నుంచి. కొమ్ము ధర అడిగిండు, మోర్తాడ్ మాల్ ఎండిందా అనడిగిండు. వచ్చే శుక్రారం మల్ల వస్తనన్నడు."

"ఎండిందా అనడిగిండా? అయితె పని తెలిసినోడే." సేఠ్ చెంబు పెట్టేసి వచ్చి తెర మీదికి వంగాడు. అతనికి ఇంగ్లీషు రాదు, కానీ అక్షరాల వరుసలు వరుసల్లా ఉండాలని తెలుసు. ఒక వరుస నిండా ఒకే అక్షరం, దాని కింద చుక్కలు, దాని కింద మళ్లీ అదే అక్షరం. కళ్లద్దాలు పైకి జరుపుకుని చూశాడు. "గిదేం బాషనో? అరబోళ్లదా?"

"కాదు సేఠ్. మనోడే."

"మనోడైతె గిట్లెందుకు రాస్తడు?" అని సేఠ్ కళ్లద్దాలు కిందికి దించుకుని, "సరే, వచ్చే శుక్రారం దాక ఉండనియ్. నీకు సమజైతుందా మరి?" అన్నాడు.

భీమ్‌రావు ఆ కేల వైపు చూశాడు. కొన్ని ఒంటరిగా ఉన్నాయి, కొన్ని నాలుగేసి, ఎనిమిదేసి ఉన్నాయి. ఏది ఏ మాటకు వచ్చిందో ఇంకా సరిగ్గా చూసుకోలేదు.

"నేర్సుకుంటున్న సేఠ్" అన్నాడు.